తెల్లబడ్డ స్పాంజి

“నువ్వు ఆరు నెలల్లో చెయ్యలేని పని నేను ఒక్క పూటలో చేసి పడేశాను చూడు,” అన్నాడు వైసన్.

ఎనిఫా ఇంకా గుమ్మంలోనే ఉంది. భర్త తరఫు పెద్దనాన్న పోతే ఇంటి తరఫున తనొక్కతే ఊరు వెళ్ళి, చావింట రెండు రోజులు వచ్చినవాళ్ళందరికీ మొక్కజొన్నపిండి ఎన్సిమా ముద్ద కలిపి కలిపి, అరచేతులు బొబ్బలెక్కి ఇప్పుడే బ్లాంటైర్ పట్నానికి తిరిగొచ్చింది. ముందుగదిలో చేపల తొట్టి తళతళలాడుతోంది. పాత నీళ్ళన్నీ పారబోసి కుళాయి నీళ్ళు నింపాడు. చేపలు మాత్రం పైకి చేరి నోళ్ళు తెరుస్తున్నాయి.

“నీళ్ళు వడకట్టే స్పాంజి కూడా కడిగారా?”

“కంపు కొడుతుంటే కడగనా? కుళాయి కింద తెల్లబడేదాకా పిండాను.”

“నా కొడుకు నడుం పడిపోయింది పాపం,” అంది అత్త, చాప మీద నుంచి.

తన నడుం సంగతి ఎవరూ అడగలేదు, అడుగుతారని ఆమె కూడా అనుకోలేదు. ఆ స్పాంజి నల్లబడటానికి ఆరు నెలలు పట్టింది. చేపల మలినాన్ని తిని నీటిని బాగుచేసే, కంటికి కనబడని ప్రాణమంతా ఆ నలుపులోనే ఉంటుంది. అది పోతే చేపల ఉచ్చే వాటికి విషం. ఈ మాట చెప్పబోయినప్పుడల్లా “సరస్సు ఒడ్డున పుట్టినవాణ్ణి, చేపల గురించి నాకు చెప్తావా” అనేవాడు. తొట్టి కొన్నదీ, చుట్టాలకు చూపించేదీ అతను. నీళ్ళు మార్చేదీ, మేత వేసేదీ, చచ్చిన చేపను తీసేదీ ఎవరో పనిమనిషి అన్నట్టే ఉంటాడు. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. అవి తర్వాత చూసుకోవచ్చు. కుళాయి రాని రోజులకని పీపాలో నిలవబెట్టిన నీళ్ళలో, చేపలకు పడని కుళాయి మందు ఘాటు ఎప్పుడో పోయింది. తొట్టిలో పావు వంతు తోడేసి, ఆ నీళ్ళే చెంబుతో మెల్లగా పోసింది. లైటు ఆర్పేసింది, మేత ఆపేసింది.

“మేం తానం చేసే నీళ్ళు చేపలకా?” అంది అత్త.

వైసన్ అద్దానికి వేలు ఆనించాడు. “ఈ నీలం దానికి దవడ వాచింది. రోగమేదో. తీసి పారెయ్.”

“రోగం కాదు. గుడ్లు. నోట్లోనే పెట్టుకుని పొదుగుతుంది. బెదిరితే మింగేస్తుంది.”

“మరి తిండి?” అంది అత్త.

“పిల్లలు బయటికొచ్చేదాకా తినదు అత్తయ్యా. రెండు మూడు వారాలు.”

ఏడుగురిని కన్న మనిషి లేచి వచ్చి తొట్టి ముందు చాలాసేపు నిలబడింది.

మర్నాడు ఎనిఫా తాను పనిచేసే పళ్ళ డాక్టరు దగ్గరి తొట్టి స్పాంజిలో సగం కోసి, డబ్బాలో ఆ నీళ్ళతోనే తెచ్చింది. అక్కడి చేపలను చూసుకునేదీ ఆమే, ఆ పనికీ పేరు లేదు. “కంపు మళ్ళీ మోసుకొచ్చావా?” అన్నాడు వైసన్. ఆమె వినిపించుకోకుండా నల్ల ముక్కను తొట్టిలో పెట్టింది. రెండు చేపలు పోయాయి. నీలం చేప మాత్రం రాళ్ళ సందులో డొక్కలు అంటుకుపోయి అలాగే నిలబడింది. రోజూ ఇంత నీరు తియ్యడం, ఇంత పొయ్యడం. నాలుగో రోజుకి పీపా పక్కన చెంబు పట్టుకుని అత్తే కాచుకుని కూచుంది.

ఒక ఆదివారం పొద్దున రాళ్ళ మధ్య చీమల్లా పిల్లలు. ఎనిఫా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

ఆ మధ్యాహ్నమే వైసన్ పైఅధికారి ఛికోంది గారు, మరో ఇద్దరూ భోజనానికి వచ్చారు. ఎనిఫా ఇంటి పద్ధతి ప్రకారం మోకాళ్ళ మీద కూచుని ఆయన చేతుల మీద నీళ్ళు పోస్తోంది.

“తొట్టి శుభ్రంగా కడిగాను సార్, అందుకే ఆ నీలం చేప పిల్లల్ని పెట్టింది,” అన్నాడు వైసన్. “చేపలంటే ఓపికుండాలి.”

ఎనిఫా చెంబు కింద పెట్టింది.

“ఆ తల్లి ఎన్నాళ్ళు తినలేదో ఆయన్ని అడగండి సార్.”

ఛికోంది గారు నవ్వుతూ వైసన్ వైపు చూశారు. వైసన్ తొట్టి వైపు చూశాడు.

“నేను లెక్కపెట్టినవే పదహారు రోజులు,” అంది అత్త మూలనుంచి. “చేపలు నా కోడలివి. అడిగేదేదో దాన్నడుగు నాయనా.”

ఎనిఫా లేచింది. గోడవారనున్న కుర్చీ లాక్కుని అతిథి ఎదురుగా కూచుంది.

“ఒరే వైసన్,” అంది అత్త, “మిగతా ఇద్దరి చేతులూ నువ్వు కడిగించు.”