రెండో వరుస

మంగళవారం ప్రాక్టీసు అయ్యాక ఇవాన్ నన్ను పక్కకు పిలిచాడు. మా చర్చి క్వయర్‌ని నడిపించేది అతనే. పాలపళ్లు ఊడే వయసులో అతనికి సండే స్కూల్లో పాటలు నేర్పింది నేను.

"డోరా ఆంటీ, సండే నుంచి మీరు ఆల్టోల నిలబడ్తరా? హై నోట్స్ జెర తక్లీఫ్ అయితున్నయి కదా మీకు," అన్నాడు నేల చూస్తూ.

క్వయర్‌లో ముందు వరుస సొప్రానోలది. అందరికీ తెలిసిన రాగం వాళ్లే పాడతారు. వెనక ఆల్టోలు దాని కింద ఇంకో రాగం పాడుతూ నిలబడతారు. వాళ్లు మానేస్తే తప్ప వాళ్లున్నట్టు ఎవరికీ తెలియదు. నేను పెళ్లి చేసుకోలేదు. బడి ఉద్యోగం రిటైర్మెంటుతో అయిపోయింది. నాకంటూ మిగిలింది ముందు వరుసలో చివరి చోటు. ఇక అక్కడ హదస్సా నిలబడుతుంది, ఇంటర్ చదివే పిల్ల. గొంతు బాగుంటుంది. ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు.

తనను తాను తగ్గించుకోవడం గురించి పాస్టరయ్యగారు ప్రసంగించినప్పుడల్లా నేను తల ఊపేదాన్ని. ముందు వరుసలో నిలబడి తల ఊపడం తేలికే.

చిలకలగూడలో నాది ఒక గది, ఒక వంటిల్లు. పాటే నాకు తోడు. అన్నం ఉడికేలోపు ఆదివారం పాట ఇల్లంతా తిరిగేది. ఇప్పుడు ఆల్టో సాధన చేద్దామని కూర్చుంటే ఆ రాగం రెండు మూడు స్వరాల మధ్యే తచ్చాడుతోంది. ఎక్కడమూ లేదు, దిగడమూ లేదు. ఒక్కరే పాడితే అది పాటే కాదు. గదిలో నేనొక్కదాన్నే ఉన్నానని చరణం చరణానికీ గుర్తుచేస్తోంది.

శనివారం సాయంత్రం దేవుడితో తగువు పెట్టుకున్నాను. ఇన్నేళ్లు నీకే పాడాను కదా ప్రభువా, నా గొంతు తీసుకుని ఏం బావుకున్నావు అని అడిగాను. "నీకే" అన్నచోట నాలుక తడబడింది. చర్చికొచ్చిన కొత్తవాళ్లెవరైనా తల తిప్పి నన్ను చూస్తే ఆ రోజంతా నాకు కడుపు నిండేది. ఆ సంగతి ఆయనకు తెలియదా. ప్రార్థన మధ్యలోనే వదిలేశాను. క్వయర్ మానేస్తున్నానని ఇవాన్‌కి చెప్పేద్దామనుకుని, ఆరేసిన చీర తెచ్చుకోవడానికి మేడెక్కాను.

పక్క వాటా గుల్నాజ్ పిల్లల యూనిఫారాలు తీస్తోంది.

"టీచరమ్మా, ఏందీ గిట్ల పాడుతున్నరు? నాల్గు దినాల సంది వింటున్న, పాట ఎటూ పోతలేదు."

"ఇప్పుడు నా వంతు అంతే. పైది వేరేవాళ్లు పాడతారు."

"పైది అంటే పాతదేనా? రొట్టెలు చేస్తాంటే గోడ అవతలికెంచి విని విని నాకు సుత వచ్చేసింది," అని, క్లిప్పులు తీస్తూనే కూనిరాగం అందుకుంది. మాటల్లేవు, రాగమే. ఒక మలుపు దగ్గర తప్పింది కూడా.

సరిదిద్దుదామని నోరు తెరిచాను. టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది. తీరా బయటికొచ్చింది ఆల్టో. గదిలో తచ్చాడిన ఆ రాగం ఆమె రాగం కిందికి వెళ్లి కుదురుగా నిలబడింది. ఇన్నేళ్లు పాడిన పాటను నేను ఒక్కసారీ వినలేదని అప్పుడు తెలిసింది. అది చాలా బాగుంది. నాకు ఏడుపొచ్చింది.

గుల్నాజ్ నన్ను చూడలేదు. కింద నుంచి పిల్లలు పిలిస్తే బట్టలు భుజాన వేసుకుని, పాడుకుంటూనే మెట్లు దిగిపోయింది. మేడ మీద నేనూ నా కింది స్వరాలూ మిగిలాం. చరణం అయ్యేదాకా ఆపలేదు.

ఆదివారం హదస్సా వెనక నిలబడ్డాను. పాట మొదలయ్యే ముందు ఆ పిల్ల వెనక్కి తిరిగింది.

"ఆంటీ, పైకి పోయే కాడ భయమైతుంది."

"నువ్వు పాడు. కింద నేనుంటాను."

పాడింది. కొత్తవాళ్లెవరో తల తిప్పి ఆ పిల్లను చూశారు. నాకు కడుపులో చురుక్కుమంది. అయినా నా స్వరం వదల్లేదు.