అడుగు రేకు ఊడదీసిన రోజు

పికప్ బండి అడుగు రేకు ఊడదీసేటప్పుడు తనకి ఫోను చెయ్యమని షెడ్డు హరిబాబుకి సుహాసిని మరీ మరీ చెప్పి పెట్టింది. మామూలుగా బండి గొడవలు ఆవిడ పట్టించుకోదు. నరసన్నపేట బజారులో కిరాణా కొట్టూ, దానికి సరుకు తెచ్చే బండీ భర్త నారాయణమూర్తి చూసుకుంటాడు. కానీ ఈ రేకు సంగతి వేరు. దాని కింద చేప పొలుసులు కనబడాలి. కనబడితే ఫోటో తీసి ఈశ్వరి మొహాన పెట్టాలి.

ఈశ్వరి సముద్రం ఒడ్డు నుంచి చేపలు తెచ్చి ఊళ్ళో చేపల వీధిలో అమ్ముతుంది. ఎండబెట్టే చేపలకి ఉప్పు ఏళ్ళ తరబడి వీళ్ళ కొట్లోనే కొనేది. వానల్లో ఒకనాడు ఆమె ఎక్కిన ఆటో దారిలో చెడిపోతే, అటుగా వస్తున్న నారాయణమూర్తి జాలిపడి ఆమె తట్టలు తన బండిలో పెట్టించాడు. ఆ ఒక్కసారే. అది తెలిసి సుహాసిని బండిని పసుపు నీళ్ళతో కడిగించింది. తర్వాత కొన్నాళ్ళకి బండి అడుగున చిల్లులు పడ్డాయి. పక్క రేకుల కింది అంచులు చేత్తో పట్టుకుంటే పొరలు పొరలుగా రాలిపోసాగాయి.

దసరా ముందు ఒక సాయంత్రం, కొట్టు నిండా జనం ఉండగా, ఈశ్వరి ఉప్పుకని వచ్చింది. ఆమెని చూడగానే సుహాసినికి ఒళ్ళు మండింది.

"నీ చేపల నీచు తగిలే మా బండి తుప్పట్టిపోయింది!" అంది మెట్ల మీద నిలబడి.

ఈశ్వరి నవ్వేసింది. "మా నీసుకి ఇనుము కరిగిపోతే మా ఇళ్ళల్లో గిన్నెలు మిగుల్తాయా సావుకారమ్మా?"

కొట్లో వాళ్ళూ నవ్వారు. ఆ నవ్వులు సుహాసినికి ఎక్కడో తగిలాయి. "నీచు నీచే. చేరదీసిన మాదే తప్పు," అంది, ఈసారి ఒక్కో మాటా విడదీసి.

నవ్వులు ఆగిపోయాయి. ఈశ్వరి చేతిలో సంచి మడిచి చంకలో పెట్టుకుంది. "ఆ అడుగు రేకు ఎప్పుడో ఊడదీస్తావు గదా. ఒక్క పొలుసు కనబడితే నాకు సూపించు తల్లీ," అని వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ మెట్ల దగ్గరికి రాలేదు.

అందుకే ఈరోజు హరిబాబు ఫోను చెయ్యగానే పొయ్యి మీది కూర దించేసి వచ్చింది సుహాసిని. హైవే పక్కన షెడ్డులో బండి వెనక తలుపు, పక్క రేకులు అప్పటికే ఊడదీసి గోడకి ఆనించి ఉన్నాయి. హరిబాబు గ్యాస్ కట్టరుతో అడుగు రేకు చుట్టూ కోసి, పలుగు పెట్టి ఎత్తాడు. రేకు పాత అట్టలా ముక్కలై లేచింది.

"పొలుసులుంటాయి, చూడు," అంది సుహాసిని ఫోను పట్టుకుని.

హరిబాబు వేలితో గీకాడు. "సేపలు నేవమ్మా. పులుసులోకి ఉప్పు మాత్రం బోల్డంత ఉన్నాది."

ఆవిడ వంగి చూసింది. రేకు కింద అడ్డబద్దల సందుల్లో ఏదో బూడిదరంగుగా గడ్డలు కట్టి ఉంది. ఒక పలుకు తీసి నాలిక మీద వేసుకుంది. ఉప్పు అమ్మే ఇంటి మనిషికి ఇంకొకరు చెప్పక్కర్లేదు. నౌపడా ఉప్పు మడుల నుంచి బస్తాలకి బస్తాలు ఇదే బండిలో తెప్పించే గళ్ళుప్పు. ఒక్కనాడు ఎక్కించిన తట్టల నీళ్ళకి ఇంత పేరుకోదు.

భర్తకి ఫోను చేసింది. "ఏమండీ, కిందంతా మన ఉప్పే."

"ఉప్పు కాక ఇంకేటుంటాది? వానల్లో బస్తాలు తడిసి కారీవి. బరకం కప్పుదామంటే చింతపండు ఆరబెట్టడానికి మేడ మీదికి నువ్వే పట్టుకెళ్ళావు కదే."

"మరి ఆవేళ నేనలా అంటుంటే ఎందుకూరుకున్నారు?"

"నువ్వు మొదలెడితే నాకు సందెక్కడుంటాది? పోనీలే, కొత్త రేకు వేసేస్తే ఎవుడు సూడొచ్చాడు? ఇంటికెళ్ళిపో."

"ఈ ముక్కలు పాతసామాన్ల బండికేసియ్యమంటారా అమ్మా?" అడిగాడు హరిబాబు.

వేసెయ్యమంటే అయిపోయేది. సుహాసిని చేతిలో ఫోను వంక చూసుకుంది. పొలుసు కనబడితే ఫోటో తీసుకుని చేపల వీధికి పరుగెత్తేదే కదా తను. కనబడకపోతే కొట్టు వెనక గదిలోకి పోయి కూర్చోవడమా? వెనుదిరిగి రోడ్డెక్కింది.

చేపల వీధి మొదట్లోనే అలవాటుగా కొంగు ముక్కు దగ్గరికి పోయింది. గబుక్కున దించేసుకుంది. ఈశ్వరి కత్తిపీట ముందు కూర్చుని కవళ్ళ చేపలు శుభ్రం చేస్తోంది.

"ఈశ్వరీ, రేకు ఊడదీశారు," అంది సుహాసిని గొంతు తగ్గించి. "పొలుసుల్లేవు. మా ఉప్పే తినేసింది."

"ఇనబడ్నేదు," అంది ఈశ్వరి తలెత్తకుండా.

సుహాసిని మళ్ళీ చెప్పింది.

"సావుకారమ్మా, ఎలాగూ వొచ్చినావు, ఓ వంజరం పట్టుకెళ్దువా?" అంది పక్క తట్ట ముసలామె. వీధంతా నవ్వింది. ఈశ్వరి నవ్వలేదు.

"ఇక్కడ సెప్తే ఎవులికి? ఈల్లకి ముందే తెల్సు. ఆ పొద్దు మీ మెట్ల మీద నిలబడి అన్నావు. అక్కడే సెప్పు, అదే గొంతుతోటి. సాయంత్రం వస్తాను."

వచ్చింది. బేరాలు జోరుగా ఉన్న వేళ. చేతిలో సంచీ లేదు. మెట్ల కింద నిలబడి ఎదురుచూసింది.

సుహాసిని గల్లాపెట్టె పక్కనుంచి లేచి బయటికి వచ్చింది. "మా బండిని తిన్నది మా ఉప్పే. ఈశ్వరి చేపలు కాదు," అంది. అప్పటి గొంతు రాలేదు గానీ అందరికీ వినబడింది. నారాయణమూర్తి కాటా మీద నుంచి చూపు తిప్పలేదు.

"సరే. మరి ఆ మాటో?" అంది ఈశ్వరి.

"వాసననే అన్నాను ఈశ్వరీ. చేపల వాసనని నీచు అనే కదా అంటారు."

"మేం నీసంటాం, అది వాసనే. మొదటిసారి నువ్వన్నదీ వాసనే. నవ్వి ఊరుకున్నాను. రెండోసారి అన్నది వాసన కాదు."

పొద్దుట నుంచీ సుహాసిని ఆ వాసన అనే అర్థాన్నే పట్టుకుని వేలాడుతోంది. ఇంకాసేపు పట్టుకోవచ్చు కూడా. తప్పని ఎవరూ నిరూపించలేరు.

"కాదు," అంది. "నిన్నే అన్నాను."

ఎవరో పప్పు సంచి కింద పెట్టిన చప్పుడు వినబడింది.

ఈశ్వరి తలూపింది. "నాకు ఆ పొద్దే తెల్సు," అని కొట్లో జనం వైపు చెయ్యి చూపించింది. "ఆల్లు ఇనాలని వొచ్చినాను." చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని రోడ్డు దాటి వెళ్ళిపోయింది.

లోపలికి రమ్మని పిలవాలనుకుంది సుహాసిని. ఏ మొహం పెట్టుకుని పిలుస్తుంది?

"అమ్మా, అరకిలో మినప్పప్పు," అన్నాడొకతను మెల్లగా, ఆవిడ మీద దయ చూపిస్తున్నట్టు. ఆ దయకి ఆవిడ తల ఇంకా వంగిపోయింది.