కొత్త జత ముందుకా, వెనక్కా?

మా పెదనాన్న పెద్దిరాజు పికప్ టైరు పేలినప్పుడు నేను విజయవాడలో సెమిస్టర్ చివరి పరీక్ష రాస్తున్నాను. ఆ చప్పుడు నేను వినలేదు. కానీ ఊళ్ళో బస్సు దిగిన దగ్గర్నుంచి ఎదురైన ప్రతివాళ్ళూ దాన్ని నోటితో పేల్చి వినిపిస్తూనే ఉన్నారు.

జరిగింది ఇదీ. చాట్రాయి వైపు తోటలో కోత ముగించుకుని బండి నూజివీడు వస్తోంది. వెనక ట్రేల నిండా మామిడికాయలు, వాటి మీద కోతకెళ్ళిన ఆడవాళ్ళు. గూడ్స్ బండి మీద మనుషుల్ని ఎక్కించకూడదని నాకు తెలుసు, పెదనాన్నకీ తెలుసు, కానీ ఆ తోటల్లోకి ఏ బస్సూ రాదు. ఉన్నట్టుండి ఎడమ వైపు వెనక టైరు ఢామ్మంది. బండి తోక అటూ ఇటూ ఊగి, రోడ్డు దిగి మట్టిలో ఆగింది. ఎవరికీ ప్రాణం మీదకి రాలేదు. కోత ముఠా పెద్ద దయామణికి మోచెయ్యి గీసుకుపోయింది, ఆమె కోడలు రోజాకి భుజం వాచింది, కాయలు రోడ్డంతా దొర్లాయి.

"కాయ పోతే పోయింది, మళ్ళీ కాస్తది," అన్నాడు పెదనాన్న నాకు మంచినీళ్ళ గ్లాసు ఇస్తూ. "మనుషులు ఎక్కనంటున్నారమ్మడూ. అదీ నా బాధ."

మా వైపు రైతులు బండినీ ముఠానీ కలిపే పిలుస్తారు. పెద్దిరాజు బండి అంటే దయామణి ముఠా, దయామణి ముఠా అంటే పెద్దిరాజు బండి. నా చిన్నప్పట్నుంచీ అంతే. మధ్యాహ్నం తోటలో వాళ్ళ క్యారేజీల్లోని పప్పుచారు ఈయన తింటాడు, ఈయన క్యారేజీలోని వేపుడు వాళ్ళు తింటారు. ఇప్పుడా ముఠా ఇంకెవరిదో బండి ఎక్కి వెళ్తోంది. ఆ బండి రోజూ పొద్దున్నే మా ఇంటి ముందు నుంచే పోతుంది. అది వచ్చే వేళకి పెదనాన్న ఏదో పనున్నట్టు ఇంట్లోకి వెళ్ళిపోతాడు. సరోజ పెద్దమ్మ ఈ మాట నాతో చాటుగా చెప్పింది.

అప్పుడే చాట్రాయి రైతు బసవపున్నారావు గారు ఫోన్ చేశారు. రేపు చిన్న రసాల కోత. స్పీకర్ ఆన్‌లో ఉంది కాబట్టి నేనూ విన్నాను.

"పెద్దిరాజూ, నీ బండీ నీ జనం వస్తే సరేసరి. జనం లేని బండి నాకెందుకయ్యా? కాయలు వాటంతట అవే దూకి ఎక్కుతాయా? సాయంత్రంలోగా మాట చెప్పు, లేకపోతే ఇంకోళ్ళని పిలుచుకుంటా."

పెదనాన్న ఫోన్ పెట్టేసి లుంగీ మార్చుకుని ప్యాంటు వేసుకున్నాడు. "టైర్లు కొంటా. కొత్త టైర్లు వేసి తీసుకెళ్ళి దయామణక్కకి చూపిస్తా. చూస్తే ఎక్కుద్ది."

టైర్లు! నేను మెకానికల్ రెండో సంవత్సరం. హాస్టల్లో అందరూ సీరియల్సూ సినిమాలూ చూస్తూ తింటే నేను టైర్ల వీడియోలు చూస్తూ తింటాను. ఏ రబ్బరు ఎంత వేడెక్కుతుందో, ఏ గాడి నీళ్ళని ఎటు తోస్తుందో నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

"పెదనాన్నా నేనూ వస్తా నేనూ వస్తా!"

"తీసుకెళ్ళండి, దీనికి అన్నం కన్నా టైర్లే ఎక్కువ," అంది పెద్దమ్మ.

దారంతా నేను ఆపకుండా మాట్లాడాను. అమెరికాలో పెద్ద డీజిల్ పికప్పులకి వేసే పళ్ళ టైర్లు చూపించాను ఫోన్లో, ఒక్కో పన్ను నా అరచెయ్యంత, బురదైనా రాళ్ళైనా ఆగవు, మన బండికి వేస్తే ఎలా ఉంటుందో ఊహించుకో పెదనాన్నా!

ఆయన ఒక కన్ను రోడ్డు మీదే ఉంచి రెండో కంటితో చూశాడు. "బాగున్నాయి. నీళ్ళు పెట్టిన తోటలో ఇవి దిగితే చెట్ల వేళ్ళన్నీ కోసేస్తాయి. ఆ తర్వాత బసవపున్నారావు గారు నన్ను కోసేస్తారు."

సరే, పళ్ళు వద్దు. నిలువు గీతల టైరే.

నూజివీడు బస్టాండు దాటాక జయకర్ గారి టైర్ల షాపు. షాపులో అడుగుపెడితేనే ఆ కొత్త రబ్బరు వాసన! నాకైతే గుళ్ళోకి వెళ్ళినట్టే ఉంటుంది. జయకర్ గారు కుర్చీలోంచి లేచి, "రండి రండి పెద్దిరాజు గారూ, విన్నాం, దేవుడి దయ," అని ఒక టైరు దొర్లించుకుంటూ తెచ్చారు. నల్లగా నిగనిగలాడుతోంది. "మీ సైజే. అందరూ ఇదే పట్టుకెళ్తున్నారు."

నేను కింద కూర్చుని టైరు పక్కగోడ మీద అక్షరాలు చదివాను. సైజు అదే. కానీ మోసే బరువు చెప్పే అంకె చాలా తక్కువ.

"సార్, ఇది మనుషులు తిరిగే జీపుది. లోడు బండిది కాదు."

"సైజు ఒకటే కదమ్మా."

"సైజు ఒకటేనని పెళ్ళికూతురి చెప్పులేసుకుని ముళ్ళకంపలోకి వెళ్తామా సార్?"

పెదనాన్న మీసం కింద నవ్వు దాచుకున్నాడు. జయకర్ గారు ఇంకోటి తెప్పించారు. ఈసారి బరువు అంకె సరిగ్గా ఉంది, పక్కగోడ మందంగా ఉంది, రేడియలే, నాకు నచ్చింది. కానీ ఏ ఏడాది ఏ వారంలో తయారైందో చెప్పే అంకెలు కూడా ఉంటాయి కదా, అవి అవతలి పక్కన ఉన్నాయి. టైరు తిప్పించాను.

"ఇది పుట్టి చాలా కాలమైంది సార్."

"అయితే ఏంటమ్మా? ఇదేమన్నా మామిడికాయా మగ్గిపోవడానికి?"

"మగ్గదు సార్, ఎండిపోతుంది! మా పెదనాన్నది పేలింది చూడండి, పక్కన అంతా నెర్రెలే."

పంక్చర్లు వేసే ఆయన కూడా పని ఆపి నవ్వాడు. జయకర్ గారు చేతులెత్తేసి లోపలికెళ్ళి ఈ ఏడాదివే ఒక జత తెచ్చారు. "పెద్దిరాజు గారూ, ఈ పిల్లని మా షాపులో కూర్చోబెట్టండి," అని ఒక్క క్షణం ఆగి, "వద్దులెండి, షాపు మూసుకోవాలి," అన్నారు.

నాకు గాల్లో తేలినట్టుంది. ప్రస్తుతానికి రెండే కొంటున్నాం, మిగతా రెండు సీజన్ అయ్యాక. అంతవరకూ అంతా నేననుకున్నట్టే జరిగింది. అసలు పేచీ బిగించే దగ్గర వచ్చింది.

"కొత్తవి ముందుకి," అన్నాడు పెదనాన్న, అదసలు అడగాల్సిన విషయమే కాదన్నట్టు. "ముందువి వెనక్కి. వెనకవి తీసి పడెయ్."

మా వైపు ప్రతి బండికీ ఇదే పద్ధతి. టైరు ముందు పుట్టి వెనక చస్తది అంటారు డ్రైవర్లు.

"పెదనాన్నా, పేలింది వెనక కదా? కొత్తవి వెనక్కి వెయ్యాలి."

"వెనకది పేలింది కాబట్టే బతికాం. ముందుది పేలితే స్టీరింగ్ చేతిలో ఉంటదా?"

"లోడంతా వెనకే కదా! వెనకది పోతే తోక ఊగుతుంది, అప్పుడు నువ్వు స్టీరింగ్ ఎంత తిప్పినా బండి మాట వినదు. మొన్న విన్నదా?"

"మొన్న నేను ఆపా కదే."

"మట్టి ఆపింది!"

జయకర్ గారు పెదనాన్న పక్షం చేరారు. ఈ ఊళ్ళో ఇన్ని బళ్ళకి వేశాను, కొత్తది వెనక్కి వెయ్యమన్నవాడు ఒక్కడూ లేడన్నారు. నేను ఫోన్ తీశాను, బొమ్మలు చూపించాను, గొంతు పోయేలా చెప్పాను. పెదనాన్న నా తల మీద చెయ్యి వేశాడు. "నీ పుస్తకంలో బండికి లోడుంటది కానీ డ్రైవరుండడు అమ్మడూ. ముందు కూర్చునేవాడికి తెలుస్తది." కొత్త జత ముందుకే వెళ్ళింది.

ఇంటికి రాగానే పెద్దమ్మ కొత్త టైర్లకి పసుపూ కుంకుమా పెట్టింది, నిమ్మకాయలు తొక్కించింది. పెదనాన్న బండి మొత్తం కడిగాడు, ట్రేలు కట్టే తాళ్ళు కూడా ఉతికాడు. చల్లబడే వేళకి ఇద్దరం దయామణి వాళ్ళ కాలనీకి బయల్దేరాం. దారిలో ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. నేను కూడా మాట్లాడలేదంటే చూసుకోండి.

దయామణి ఇంటి ముందు మంచం మీద కూర్చుని వక్క నములుతోంది. మోచేతికి గుడ్డ కట్టుంది. రోజా కూడా బయటికొచ్చింది, చుట్టుపక్కల ఆడవాళ్ళు కూడా చేరారు.

"బాగున్నారా ఆంటీ?" అన్నాను.

"ఆంటీ ఏంటమ్మా, నేనేమన్నా ఫ్లాట్‌లో ఉంటున్నానా? అత్తా అను," అంది దయామణి. అందరూ నవ్వారు. పెదనాన్న కూడా నవ్వబోయి ఆపుకున్నాడు.

"అక్కా, కొత్త టైర్లు వేశా. చూడు. మా సౌజన్య దగ్గరుండి ఏరింది. షాపాయన్ని ఏడిపించింది."

దయామణి లేచొచ్చి ముందు టైరు పక్కన గొంతుక్కూర్చుంది. బాగున్న చేత్తో గీతలన్నీ తడిమింది. వేలికి అంటిన పసుపు కొంగుకి తుడుచుకుంది.

"బాగున్నాయి. గట్టిగా ఉన్నాయి," అంది. ఆ తర్వాత లేచి నెమ్మదిగా వెనక్కి నడిచింది. "మరి ఇవి?"

"అవి ముందువక్కా. మంచివే, ఇంకా సగం ఉన్నాయి. పేలిన జత తీసేశాం."

"అంటే మొన్న పేలింది కూడా ముందు నీ కింద తిరిగిందేనా?"

"ఆఁ... అంతే కదా. కొత్తవి ఎప్పుడూ ముందుకే వేస్తాం."

"నువ్వు ముందు కూర్చుంటావ్. మేం వెనక కూర్చుంటాం." ఆమె గొంతులో కోపం లేదు. ఏ ట్రేలో ఏ కాయ వెయ్యాలో చెప్పేటప్పటి గొంతే అది. "కొత్తవి నీ కింద. నీ కింద అరిగినవి మా కింద. ఇన్నేళ్ళూ ఇంతేనా పెద్దిరాజూ?"

"అక్కా అది కాదు, స్టీరింగ్..."

"స్టీరింగ్ సంగతి నాకేం తెల్సు? ఎవరెక్కడ కూర్చుంటారో అది తెల్సు. నువ్వు కావాలని చేశావనట్లేదు. నిన్ను అడుగుతున్నానంతే."

పెదనాన్న టైరు వంకే చూస్తున్నాడు. ఆయన మొహం అలా అవడం నేనెప్పుడూ చూడలేదు, ఎవరో లోపల్నుంచి దీపం తగ్గించినట్టు. బండి నడపడం మొదలుపెట్టినప్పట్నుంచీ ఇలాగే వేస్తున్నాడు. ఎవరో నేర్పారు, వేశాడు. వెనక ఎవరు కూర్చుంటారో ఆ లెక్కలోకి ఎప్పుడూ రాలేదు.

"ఇప్పుడు మేం వెళ్ళే బండి కూడా ఇంతే అయ్యుంటది," అంది దయామణి మళ్ళీ మంచం మీద కూర్చుంటూ. "ఆడిని అడగలేను. నిన్ను అడగగలను, అందుకే అడిగా."

పెదనాన్న నా వైపు తిరిగాడు. "అమ్మడూ, షాపులో ఏదో చెప్పావే, తోక ఊగడం. మళ్ళీ చెప్పు."

చెప్పాను. ఈసారి ఫోన్ తియ్యలేదు. లోడు వెనక ఉంటుంది, జనం వెనక ఉంటారు, వెనక టైరు పట్టు వదిలితే ముందున్నవాడి చేతిలో ఏమీ ఉండదు. కొత్త జత వెనక ఉంటే డ్రైవరుకీ మంచిదే, వాళ్ళకీ మంచిదే. సగం అరిగినవి ముందున్నా ఫర్వాలేదు, నెర్రెలు లేవు, నేను చూశాను.

"ఇంత తెల్సినదానివి షాపులో ఎందుకు ఊరుకున్నావే?" అంది రోజా.

"ఊరుకోలేదు వదినా! అరిచాను! నా మాట ఎవరు విన్నారు?"

"మా మాటా అంతేలే," అంది రోజా, అందరూ గొల్లుమన్నారు.

అప్పటికే పెదనాన్న సీటు కింద నుంచి జాకీ లాగుతున్నాడు. పొద్దున నూజివీడు వెళ్ళి మార్పిద్దాం అన్నాను, వినలేదు. చొక్కా విప్పి బండి మీద పడేసి ఆ వీధిలోనే మొదలుపెట్టాడు. జాకీ ఒక్కటే ఉంది. అందుకని వెనక చక్రం తీసి, దాని చోట స్టెప్నీ తగిలించి, ముందున్న కొత్తది ఊడదీసి దాని చోట పాతది బిగించి, మళ్ళీ వెనక్కొచ్చి స్టెప్నీ తీసి కొత్తది ఎక్కించాలి. ఒక పక్క అయ్యాక రెండో పక్కా అంతే. నేను నట్లు పట్టుకున్నాను. రోజా వాచిన భుజం పక్కకి పెట్టి రెండో చేత్తో చక్రం దొర్లించింది. ఎవరో ఇటుకలు తెచ్చి అడ్డం పెట్టారు. పెదనాన్న స్పానరు మీద కాలేసి నిలబడి నట్టు బిగిస్తుంటే దయామణి మంచం మీద నుంచి, "ఇంకొంచెం, ఇంకొంచెం, ఆ నట్టు మీదే మా రోజా కూర్చునేది," అంటోంది.

అంతా అయ్యాక పెదనాన్న చేతులు కడుక్కుని ఆమె ముందు నిలబడ్డాడు. రేపు వస్తారా అని అడగలేకపోతున్నాడు.

"పొద్దున రా," అంది దయామణి. "ఎక్కేదీ ఎక్కనిదీ అప్పుడు చూస్తా. నా కాళ్ళు ఇంకా వణుకుతున్నాయి పెద్దిరాజూ, అబద్ధం చెప్పను."

వచ్చే దారిలో ఆయన బసవపున్నారావు గారికి ఫోన్ చేశాడు. "బండి వస్తదండీ. జనం సంగతి పొద్దున చెప్తానండీ." అవతల ఆయన ఏదో విసుక్కున్నారు, కానీ వద్దనలేదు.

తెల్లారగానే వెళ్ళాం. ముఠా అంతా కాయలు కోసే చిక్కాలూ గంపలూ పట్టుకుని వీధి చివర నిలబడి ఉన్నారు, కానీ ఎవరూ ఎక్కట్లేదు. అందరూ దయామణి వైపు చూస్తున్నారు, దయామణి బండి వైపు చూస్తోంది. నేను మామూలుగానే ముందు సీట్లో కూర్చుని ఉన్నాను. ఉన్నట్టుండి నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. తలుపు తీసుకుని దిగి, వెనక చక్రం మీద కాలు పెట్టి పైకెక్కాను. లోపల పరిచిన వరిగడ్డి మీద కూర్చుని చెయ్యి చాచాను.

"రా అత్తా."

ఆమె కాసేపు నా చెయ్యి వంక చూసింది. తర్వాత పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే నా గాజు చర్మంలోకి దిగింది. ఆమె ఎక్కాక మిగతావాళ్ళు ఒక్కొక్కరే ఎక్కారు. పెదనాన్న కిందే నిలబడి చివరి మనిషి కూర్చునేదాకా చూసి, వెళ్ళి స్టార్ట్ చేశాడు.

బండి కదిలింది. ఎంత నెమ్మదిగా అంటే సైకిల్ మీద పాలాయన మమ్మల్ని దాటి వెళ్ళిపోయాడు. ప్రతి గుంత దగ్గరా పెదనాన్న బండిని దాదాపు ఆపి, మెల్లగా దించి, ఎక్కించి, మళ్ళీ కదిలించేవాడు. దయామణి ఒక చేత్తో నా మణికట్టునీ, ఇంకో చేత్తో పక్క కమ్మీనీ పట్టుకుని చక్రం వైపే చూస్తోంది. ఊరు దాటాం. తోటలు మొదలయ్యాయి. ఎండ చెట్ల మీదకి వచ్చేసింది. ఇంకో పికప్ హారన్ కొట్టుకుంటూ మమ్మల్ని దాటింది, దాని వెనకే ట్రాక్టరు కూడా దాటింది.

దయామణి నా చెయ్యి వదిలింది. ముందుకి వంగి క్యాబిన్ మీద అరచేత్తో ఫట్‌ఫట్‌మని కొట్టింది.

"పెద్దిరాజూ! బండి నడుపుతున్నావా, పెళ్ళికొడుకుని ఊరేగిస్తున్నావా? ఎండెక్కుతోంది, తొక్కవయ్యా!"