కృపావతి బేస్తవారాలు

"కృపా, నీళ్లు" అని మామ వరండాలోంచి పిలిస్తే స్టవ్ తగ్గించి నేనే చెంబుతో నీళ్లు తీసుకెళ్లి ఇచ్చాను. తాగి చెంబు నా చేతికిచ్చి మళ్లీ పేపర్లో పడ్డాడు. అత్త పోయి అప్పటికి మూడు వారాలు. మొదటిసారి అలా పిలిచిన రోజు ఆయన కళ్లనిండా నీళ్లు తిరిగాయి, నేనూ ఏడ్చాను. ఆ మర్నాడు పిలిచి నాలుక కరుచుకున్నాడు. తర్వాత్తర్వాత నాలుక కరుచుకోవడం మానేశాడు కానీ పిలవడం మానలేదు. నాకు భయం వేసింది ఆయన మతిమరుపు చూసి కాదు. చచ్చిపోయిన మనిషి పేరు వినపడగానే నా కాళ్లు వాటంతటవే లేచి వరండా వైపు నడుస్తున్నందుకు.

నేను పళ్ల డాక్టర్ని. ఆళ్లగడ్డ మెయిన్ రోడ్డులో ఒకరి క్లినిక్‌లో పళ్లు పీకుతూ, సిమెంటు నింపుతూ ఏళ్లు గడిపి, పెళ్లయి, పాప బడికి పోయే ఈడుకొచ్చాక నంద్యాలలో పీజీ సీటు తెచ్చుకున్నాను. ఇంప్లాంట్ల పని నేర్చుకోవాలని నా ఆశ. పన్ను పోయిన చోట దవడ ఎముకలోకి చిన్న టైటానియం స్క్రూ దించి, చిగురు కుట్టేసి, మూడు నెలలు ఆగుతాం. ఎముక దాన్ని పట్టుకున్నాక పైన పన్ను కడతాం. నా పరిశోధన కూడా దాని మీదే. పన్ను పోయి చాలా ఏళ్లయిన ఆడవాళ్ల దవడలో స్క్రూ ఎంత గట్టిగా నిలుస్తుందో పెట్టిన రోజు ఒకసారి, మూడు నెలలకు ఇంకోసారి కొలవాలి. నంద్యాలలో పన్ను పీకించుకోవడానికి జనం వరస కడతారు కానీ, ఎముకలో స్క్రూ అనగానే చెప్పులు వేసుకుంటారు. అందుకని పీజీ పిల్లలమంతా చుట్టాల నోళ్ల మీద పడతాం. మా క్లాస్‌మేట్ ఒకడు మేనమామతో ఆగక అద్దింటి ఓనర్ని కూడా లాక్కొచ్చాడు.

పరిశోధనకు ముందు చెయ్యి తిరగడానికి కేసు ఒకటి కావాల్సొచ్చి మొదట మా ఆయన్ని అడిగాను. వినీత్‌కు కింది దవడ పన్ను ఒకటి లేదు. "నీకు నేర్చుకోనీకి ఎలక నేనే దొరికితినా" అని నవ్వి, పళ్లెంలో చెయ్యి కడిగేసుకుని బ్యాంకుకు వెళ్లిపోయాడు. చారు వడ్డిస్తున్న అత్త "నా నోట్లో చేసుకోమ్మా. వీడు కడుపులో ఉన్నప్పుడు పుచ్చితే పీకేసిరి. అప్పట్నుంచి ఖాళీగానే ఉంది" అంది. ఈ వయసులో నీకు పన్నెందుకే, మురుకులు కొరకాల్నా అని మామ తలెత్తకుండానే అన్నాడు. అత్త ఇన్నేళ్లూ కుడి పక్కనే నమిలిందన్న సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఒకే వంటింట్లో ఆమె పక్కన నిలబడి తిన్న నాకూ, స్కాన్‌లో ఎడమవైపు అరిగిపోయిన ఎముక చూశాకే తెలిసింది.

మా డిపార్టుమెంటులో ఇంప్లాంట్లు గురువారం నాడే పెడతారు, మా ఇంట్లోవాళ్ల మాటలో బేస్తవారం. అత్త ఆధార్ కార్డు చేతిరుమాల్లో మూటగట్టుకుని, బస్సులో ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే సున్నా టికెట్ మీద దర్జాగా కిటికీ పక్కన కూర్చుని వచ్చింది. స్కాన్‌కు ఒకసారి. స్క్రూ పెట్టడానికి ఒకసారి. అప్పుడు నేను డ్రిల్లు పట్టుకుని ఆగిపోతే, నోట్లో గొట్టాలు ఉండగానే నా మోచేతి మీద మెల్లగా తట్టింది. కుట్లు విప్పడానికి ఇంకోసారి, మానిందో లేదో చూడటానికి చివరిసారి. ఇంక డిసెంబరులో వస్తే చాలత్తా అని చెప్పి పంపాను. డిసెంబరు మొదటి వారంలో ఒక పొద్దున, పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగానే వంటింట్లో కూలబడిపోయింది. ఆస్పత్రికి చేర్చేలోపే గుండె ఆగిపోయిందన్నారు.

శవపెట్టె మూసే ముందు అందరూ ఆమె ముఖం చూసి ఏడుస్తుంటే నేను ఆమె ఎడమ దవడ వైపే చూస్తున్నాను. ఈ మాట ఎవరితో చెప్పుకోను? ఆమెను పూడ్చిన మట్టిలో నా చేత్తో దించిన స్క్రూ ఉంది. ఎముక దాన్ని పట్టుకుందో లేదో నాకు ఎప్పటికీ తెలియదు. నిద్రపోబోతుంటే అదే ప్రశ్న, దోసె తిరగేస్తుంటే అదే ప్రశ్న. కర్మకాండలేవీ లేని క్రైస్తవుల ఇల్లు కాబట్టి వారం తిరక్కుండానే కాలేజీకి పోయాను. ఓపీ బెంచీ మీద అత్త చీరలాంటి నేత చీరలో ఎవరో కూర్చునుంటే దగ్గరికి పోయి ముఖం చూసి వచ్చాను. పేషెంట్ నోరు తెరిచి పడుకుంటే ఆ దవడ ఎవరిదో మర్చిపోయాను. మా గైడ్ హేమలత మేడమ్ నా చేతిలోంచి పరికరం తీసుకుని, కొన్నాళ్లు సెలవు పెట్టుకో అంది. మీ అత్తగారి కేసు పరిశోధనలోంచి తీసేసి ఇంకొకరిని పెట్టుకో, రెండో కొలత లేని కేసు ఉండి ఏం లాభం అని కూడా అంది. ఆమె చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. అయినా నాకు ఒళ్లు మండింది.

సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాక గానీ తెలియలేదు, ఈ ఇల్లు ఎవరి మీద నడిచిందో. తెల్లారి ఆరున్నర బస్సుకు పోతూ అన్నీ నేనే చేసి పోతున్నాననుకునేదాన్ని. పాప జడ, మామ మాత్రలు, నానబెట్టిన శనగలు, వినీత్ చొక్కాల ఇస్త్రీ, ఇవన్నీ వాటంతటవే జరిగే పనులనుకున్నాను కాబోలు. తెల్లారుజామున వంటింట్లో గ్లాసుల చప్పుడైతే అత్తే లేచిందనుకుని ఇంకో నిమిషం పడుకునేదాన్ని. లేచి చూస్తే దీపం కూడా వెలిగించి ఉండదు. ఒక రోజు అన్నం తింటూ నేను కుడి పక్కనే నములుతున్నానని గమనించాను. నాకు అన్ని పళ్లూ ఉన్నాయి.

మామ రిటైరైన హెడ్‌మాస్టరు, చర్చిలో పెద్ద. యేసుదాసు సార్ మాటంటే వీధికి వీధి వింటుంది. ఆయన పలకరించడానికి వచ్చినవాళ్లందరికీ ఒకటే చెప్పేవాడు. ఆ పన్నే ఆమె పాణం తీసింది, మూడు నెలలు ప్రతి బేస్తవారం నంద్యాలకు పోయి పోయి, బస్సుల్లో నిలబడి నిలబడి గుండె అలిసిపోయింది అని. మొదట్లో దుఃఖంలో లెక్క తప్పుతున్నాడనుకున్నాను. మామకూ నాకూ మధ్య మాటలన్నీ అత్త చేరవేసేది, ఎదురుగా మాట్లాడిన అలవాటు లేదు. ఒక రోజు వినీత్ కూడా అదే మాటన్నాడు. "మీ హాస్పిటల్‌కే కదా పొయ్యేది ప్రతి బేస్తవారం. నీకు తెలీదా?" అన్నాడు. నాకు తెలీదు. నాలుగుసార్లకు మించి ఆమె నా కుర్చీలో కూర్చోలేదు. మరి మిగతా బేస్తవారాలు ఎక్కడ కూర్చుంది? నా ఓపీ బెంచీ మీదేనా, నాకు కనబడకుండా? ఆ రాత్రి నుంచి దవడ మర్చిపోయి ఈ ప్రశ్నతో మేలుకున్నాను.

ఈలోగా తండ్రీ కొడుకులు నా సంగతి తేల్చేశారు. కోర్సు మానెయ్యమని ఎవరూ అనలేదు, ఆపమన్నారు. "ఒక్క సంవత్సరం ఆపు. అమ్మ ఉన్నింటే వేరే మాట" అన్నాడు వినీత్, నాకోసం తనే ఏదో వదులుకుంటున్నంత మెత్తగా. సోమవారానికి రాకపోతే హాజరు చాలక ఈ టర్మ్ పోతుందని మేడమ్ ఫోన్ చేసింది. ఈ ఇంట్లో ఒక్క టర్మ్ పోతే మళ్లీ గడప దాటడమంటూ ఉండదని నాకు తెలుసు. అయినా వాదించలేకపోయాను. నేను కట్టబోయిన పన్ను కోసమే ఆమె చచ్చిపోయిందని మామ అంటుంటే, గుండెకూ పన్నుకూ సంబంధం లేదని పుస్తకాలన్నీ చెప్తున్నా, నా మనసు మామ పక్కనే నిలబడేది.

అత్త ఫోన్‌ను నేను రోజూ ఛార్జింగ్ పెడుతూనే ఉన్నాను. ఎందుకంటే చెప్పలేను, ఆరిపోతే చూడలేను అంతే. ఆ గురువారం మధ్యాహ్నం అది మోగింది.

"అక్కా, ఈ బేస్తవారం కూడా రాకపోతివే. పానం బాగలేదా ఏందీ?" అంది ఒక ఆడగొంతు.

ఎవరు మీరు అంటే మణెమ్మ అంది. బెలుం గుహల గేటు కాడ ఉడకబెట్టిన శెనక్కాయలు, దోసకాయలు అమ్ముతుందట. అత్త లేదని చెప్పాను. శనివారం ఇంటి ముందు జ్ఞాపకార్థ కూడిక ఉందంటే ఇల్లెక్కడో అడిగి పెట్టేసింది.

శనివారం మణెమ్మ అందరికంటే ముందే వచ్చింది. ఎవరో దూరపు చుట్టమనుకుని ఎవరూ పట్టించుకోలేదు. నేరుగా వంటింట్లోకొచ్చి ఉల్లిగడ్డలు ముందేసుకుని తరుగుతూ చెప్పింది. అత్త ఆళ్లగడ్డలో బస్సెక్కి కోయిలకుంట్లలో మారి వచ్చేదట. మణెమ్మ బండి పక్కన స్టూలు మీద కూర్చునేది. శెనక్కాయలు ఒకటొకటే కుడి పక్కన నమిలేది. వచ్చేపోయే జనాన్ని చూసేది. రెండింటికల్లా లేచి తిరుగు బస్సు పట్టేది, పాప బడి నుంచి వచ్చేలోపు ఇంట్లో ఉండాలని. అంతే. ఇంకేమీ లేదు.

"ఒక్కసారి గుహల్లోకి పొయ్యె. మోకాళ్లు నొప్పక్కా, వద్దు అంటే ఇనలా. అడుగున నీళ్లుంటాయి సూడు, ఆడిదాకా దిగి పొయ్యె. పైకొచ్చినాక, లోపల నన్నెవరూ పిలవలేదు మణెమ్మా అనె" అంది. కత్తి పక్కన పెట్టి కళ్లు తుడుచుకుంది. "కోడలు ఏం సదువుతాదక్కా అంటే, ఏం సదువో నాకు సరిగ్గా తెలీదు గానీ, ఆయమ్మ సదువు నాకు సెలవిచ్చింది అనె. ఇంట్లో సెప్పద్దనె."

నాకు ఏడుపు రావాల్సింది, ముందు కోపం వచ్చింది. నా ఆస్పత్రి పేరు చెప్పుకుని ఊర్లు తిరిగి, నింద నా నెత్తిన పెట్టి పోయావు కదత్తా అనుకున్నాను. ఒక్కసారి నాతో అనుంటే నేనే ఇంకో పది సిట్టింగులు ఉన్నాయని మామకు చెప్పుండేదాన్ని. మరి అడిగానా నేను? పన్ను గట్టిగా ఉందా అని తప్ప ఆమెను ఇంకేమైనా అడిగానా? కోపం ఎక్కువసేపు నిలవలేదు. ఆమె కిటికీ పక్కన కూర్చుని కోయిలకుంట్ల శనగ చేలు చూసుకుంటూ పోవడం కళ్లకు కట్టింది. చనిపోయాక మొదటిసారి ఆమె దవడ కాకుండా ముఖం గుర్తొచ్చింది.

ప్రార్థన అయింది, పాటలయ్యాయి. మా కూడికల్లో ఎవరైనా లేచి పోయినవాళ్ల గురించి రెండు మాటలు సాక్ష్యం చెప్పొచ్చు. మామ లేచాడు. పుస్తకాల తెలుగులో, కృపావతి త్యాగమూర్తి అనీ, ఏనాడూ తనకంటూ ఏమీ కోరలేదనీ, కోడలి చదువు కోసం నంద్యాల దారిలో ఒంట్లో శక్తినంతా ధారపోసిందనీ, కోడలు కూడా అది గ్రహించి చదువు ఆపి ఇంటి బాధ్యత తీసుకుంటున్నదనీ చెప్పాడు. పాస్టరుగారు తలూపారు. ఆడవాళ్లు నావైపు జాలిగా చూశారు. వినీత్ నావైపు చూడలేదు. వెనక వరసలో మణెమ్మ తలొంచుకుని కూర్చుంది.

నేను నోరు మూసుకుంటే అత్త త్యాగమూర్తిగా మిగిలిపోతుంది, ఆ త్యాగం కింద నేనూ పడి ఉంటాను. నోరు విప్పితే, మొగుడికి చెప్పకుండా ఆడది ఎక్కడికి పోయిందనగానే ఈ జనం మనసు ఒక్క చోటికే పోతుంది. చెప్పనని మణెమ్మ ఇచ్చిన మాట ఉంది. శెనక్కాయలు తిన్న సంగతి కూడా మామకు అప్పజెప్పాలా? ఆ కాసిని బేస్తవారాలే కదా ఆమె తనకని దాచుకున్నది. ఇదంతా కుదురుగా ఆలోచించానని చెప్పను. లేచి నిలబడ్డాక గానీ లేచానని తెలియలేదు.

"అత్త నా కాడికి నాలుగుసార్లే వచ్చింది మామా. మిగతా బేస్తవారాలు నంద్యాలకు రాలేదు. తనకి ఇష్టమైన చోటికి పొయ్యింది. అలిసిపోలేదు. సంతోషంగా పొయ్యి సంతోషంగా వచ్చింది."

మామ కుర్చీ వీపు పట్టుకున్నాడు. ఆయన పుస్తకాల తెలుగు ఎటు పోయిందో పోయింది.

"యాడికి పొయ్యేది?" అన్నాడు.

ఆయన గొంతులో కోపం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆమె గురించి ఆయన ఆ మాట అడగడం అదే మొదటిసారని ఆయనకూ అప్పుడే తట్టిందేమో, పెదవులు అదిరాయి. నాకు జాలేసింది. జాలేసినా చెప్పబుద్ధి కాలేదు.

"ఆమె యాడికి పొయ్యేదో నేను చెప్పను మామా. ఆమె ఉన్నప్పుడు ఆమెనే అడిగుండాల్సింది. నేను యాడికి పోతాండానో చెప్తా. సోమవారం పొద్దున ఆరున్నర బస్సుకు నంద్యాలకు పోతాండా."