అత్తగారి అరచేతుల్లో ఆయిలు

ఆ ఇంట్లో కారు బానెట్ ఎత్తడం అత్తగారి చేతులు చూశాకే. స్టీరింగ్ ఆయిలు కాస్త తగ్గిందంటే చాలు, ఆవిడ అరచేతుల్లో ఎర్రగా, పల్చగా ఊరేది. టైలర్ షాపు చొక్కాలకి కాజాలు కుట్టే చేతులాయె, బట్టకి మరక అంటకముందే గుర్తుపట్టి పాతగుడ్డకి తుడుచుకుని, "ఒరేయ్, బండికి దాహమేస్తోంది చూడు," అని కొడుకుని కేకేసేది. అతను వెళ్లి చూస్తే డబ్బాలో ఆయిలు సరిగ్గా కింది గీత దగ్గరే ఉండేది. రెండు గీతల మధ్యకి వచ్చేదాకా పోసి మూత బిగించేవాడు. సర్వీసింగుకి ఇచ్చినప్పుడు మెకానిక్ కూడా ముందు అడిగేది, "అమ్మగారి చేతులు ఎలా ఉన్నాయండీ?" అనే.

ఆ ఆయిలంటే వాళ్లకి అంత పట్టింపు ఎందుకంటే, నిరుడు కొడుక్కి కుడి భుజం జారింది. సరిచేశారు గానీ బరువు లాగే సత్తువ మళ్లీ రాలేదు. ఇల్లేమో కొండ మీద. పాప బడికీ, అతని ఆఫీసుకీ దిగాలంటే పదకొండు మలుపులు. స్టీరింగ్ వేలితో తిప్పితే తిరిగేలా ఉంటేనే అతను బండి నడపగలడు.

ఓ ఆదివారం అతనికి డ్యూటీ పడి ఆఫీసు వ్యానులో వెళ్లాడు. అత్తగారి చేతులు చెమర్చాయి. "అమ్మాయ్, అరలో ఎర్రమూత సీసా ఉంటుంది, కాస్త పొయ్యి," అని కోడలికి చెప్పి ఆవిడ నడుం వాల్చింది. కోడలు వెళ్లి చూస్తే అరలో ఎర్రమూత సీసాలు రెండున్నాయి. పేర్ల మీద జిడ్డు పట్టి అక్షరం కనబడలేదు. వెనక్కి వెళ్లి అడుగుదామనుకుంది. కాపురానికొచ్చి ఏడేళ్లయినా ప్రతిదీ అడిగిగానీ చెయ్యదని ఆమెకి పేరు. ఆ పేరు తలుచుకుని, చేతికందిన సీసా వంచేసింది.

గురువారం పొద్దున ఎనిమిదింటికి భర్త పాపని ఎక్కించుకుని బయల్దేరాడు. కారు గేటు దాటుతుంటే ఎవరో పళ్లు నూరినట్టు సన్నగా మూలిగింది. కోడలు విన్నది, విని గిన్నెలు కడుక్కోడానికి లోపలికొచ్చింది.

పది నిమిషాలైనా కాలేదు.

"అమ్మాయ్, ఇలా రా."

అత్తగారు కిటికీ పక్కన కుర్చీలో చేతులు రెండూ ముందుకి చాపి కూర్చుంది. ఒళ్లో చొక్కా నాశనమైపోయింది. అరచేతుల నుంచి నురగతో మురికిరంగు ఆయిలు కారుతోంది. వేళ్ల కణుపులు నానబెట్టిన గింజల్లా ఉబ్బిపోయాయి. ఆవిడ చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"ఇది స్టీరింగ్ ఆయిలు ఒక్కటే కాదే. బ్రేకు ఆయిలు కలిసింది."

కోడలు తడిచెయ్యి కొంగుకి తుడుచుకుంది. ఫోను తీసి ఆయనకి చేసింది. మోగుతోంది. మోగి మోగి ఆగిపోయింది. బండి నడుపుతూ ఫోనెత్తనని పెళ్లైన కొత్తలో ఆమే ఆయన చేత ఒట్టు వేయించుకుంది. మళ్లీ చేసింది. ఫోను జారి కిందపడింది.

"నాలుగో మలుపు దాటాడు," అంది అత్తగారు కళ్లు మూసుకుని. "ఆయిలంతా కారిపోతోంది. బండి రాయైపోతోంది. నా మణికట్లు పట్టుకో."

"అత్తయ్యా..."

"పట్టుకోవే."

ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని పట్టుకుంది. అత్తగారి చేతులు గాల్లో దేన్నో గుండ్రంగా పట్టుకున్నట్టు బిగుసుకున్నాయి. ఎడమకి తిప్పబోయింది ఆవిడ. తిరగలేదు. నాలుగు తిరగలిరాళ్లంత బరువు. కోడలు పళ్ల బిగువున తోసింది. అంగుళం కదిలింది. మరో అంగుళం. జిడ్డుకి పట్టు జారిపోతుంటే చీరకొంగు చుట్టి పట్టుకుంది. ఆ మలుపు పక్కన గోడ కూడా లేదు, మూడు కర్రలూ ఓ తాడూ, అంతే. వెనక సీట్లో పాప ఉంది. పొద్దున అమ్మ జడ బిగించి వేసిందని అలిగి, టాటా కూడా చెప్పకుండా వెళ్లింది.

"కుడికి," అంది అత్తగారు. "ఇంకా. ఇంకా. వదలకు."

ఆవిడ చేతిలో ఏదో పుటుక్కుమంది. ఆవిడ అరవలేదు, పెదవి కొరుక్కుంది. ఎంతసేపో తెలియదు. కోడలికి ఆ కాసేపూ యుగంలా గడిచింది.

"ఆగింది," అంది ఆవిడ చివరికి. చేతులు ఒళ్లో పడిపోయాయి.

కింద పడున్న ఫోను మోగింది. ఆయనే. ఊపిరి అందడం లేదు. "స్టీరింగ్ ఒక్కసారిగా బిగుసుకుపోయిందే. భుజం పనిచెయ్యలేదు. అంతా అయిపోయిందనుకున్నా. దానంతటదే తిరిగింది. పక్కకి తీసి ఆపేశా. పాప వాంతి చేసుకుంది, అంతే, బానే ఉంది." వెనక నుంచి పాప ఏడుపు వినిపించింది. కోడలు నేల మీదే కూలబడి ఆ ఏడుపే వింటూ ఉండిపోయింది.

సాయంత్రం మెకానిక్ కారు లాక్కొచ్చి వాకిట్లో పెట్టాడు. "బ్రేకు ఆయిలు పోశారండీ. లోపలి రబ్బర్లు ఉబ్బి చీలిపోయాయి. ఎవరు పోశారు?"

"నేనే," అంది అత్తగారు, కట్టు కట్టిన చేతులు ఒళ్లో పెట్టుకుని. "కళ్లు సరిగ్గా ఆనట్లేదు నాయనా."

కొడుకు మొహం ఎర్రబడింది. "ఇంకెప్పుడూ నువ్వు దాని జోలికి పోకమ్మా. పిల్లని చంపేసేదానివి."

ఆవిడ తలొంచుకుంది. కోడలు గుమ్మంలో నిలబడి విన్నది. ఊరుకుంటే గడిచిపోతుంది. అత్తగారు తనవైపు చూడమన్నా చూసేలా లేదు.

"నేనండీ పోసింది," అంది. గుమ్మం దాటి ముందుకొచ్చింది. "అడగడానికి నామోషీ అనిపించింది. అత్తయ్య నన్ను వెనకేసుకొస్తున్నారు."

ఆయన వెళ్లి తల్లి ముందు కూర్చుని, ఆ కట్ల మీద తల ఆన్చాడు. మెకానిక్ బానెట్ కిందకి వంగి పనిలో పడ్డాడు.

అత్తగారి వేళ్లు ఆ తర్వాత ముడుచుకోలేదు. అరచేతుల్లో ఆయిలూ మళ్లీ ఊరలేదు. కాజాల పని టైలర్ ఇంకొకరికి ఇచ్చేశాడు. ఇప్పుడు రోజూ పాప తిన్నాక కోడలు కంచంతో ఆవిడ పక్కన కూర్చుంటుంది. మొదటిరోజు ముద్ద పెద్దదై సగం ఒళ్లోనే పడింది.

"చిన్న ముద్దలు పెట్టవే," అంది అత్తగారు. "నేనెక్కడికీ పోవట్లేదు."