ఒకటే వేడి అనుకుందాం

మా అత్తగారు "ఏమీ అనుకోకమ్మా" అన్నారంటే నా నెత్తిన ఇంకో పని పడిందని అర్థం. ఆ పొద్దున నేను గిన్నెలు తోముతుంటే అన్నారు. సాయంత్రం చుట్టాలు వస్తున్నారట. మా ఆయన ఫోన్లోంచి తలెత్తకుండానే, "తనేం అనుకోదులే అమ్మా" అన్నాడు. నిజమే, అనుకునే తీరిక ఎక్కడేడ్చింది? చేతులు సబ్బు నురగలో ఉన్నా బుర్ర మాత్రం భూమికి రెండు కిలోమీటర్ల లోతున ఉంది.

నా ఉద్యోగం అలాంటిది. ఫ్యాక్టరీ పొగలోంచి పట్టిన కార్బన్ డయాక్సైడ్‌ని ఉప్పునీరు నిండిన రాతిపొరలోకి దింపితే అక్కడే పడుంటుందా, పైకి తన్నుకొస్తుందా అని లెక్కకట్టాలి. పైన ఊరుంది. ఆ మధ్యాహ్నమే ఫ్యాక్టరీ వాళ్లకి నేను తేల్చి చెప్పాలి.

తేలనిదల్లా అడుగునున్న వేడి సంగతే, అది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. వేడి పెరిగితే వాయువు తేలికై పైకెక్కి, మూతలా ఉన్న రాయిని నెడుతుంది. నీళ్లలో కరగడమూ తగ్గుతుంది. అయితే చెడ్డదే కదా అనుకుంటానా, అదే వేడికి ఉప్పునీరు పలచబడి, కరిగినంత మటుకు వాయువు త్వరగా కలిసిపోతుంది. రాతితో కలిసి తనూ రాయి కావడం కూడా త్వరగానే జరుగుతుంది. అయితే మంచిదా? ఒక పూట అలా తోస్తుంది, ఒక పూట ఇలా. ఇంకొకరైతే ఈపాటికి తేల్చేసేవారేమో, నాకే చేతకావడం లేదేమో. "అవునో కాదో ఒక్క ముక్కలో చెప్పలేవా? కూరేం వండాలన్నా ఇంతే నువ్వు" అంటాడు మా ఆయన.

మా బాసుకి ఈ తికమకలేం లేవు. "పొర మొత్తం ఒకటే వేడి అనుకుందాం మేడమ్, గొడవ వదిలిపోతుంది" అన్నాడు మీటింగుకి నడుస్తూ. నాకు ఒళ్లు మండింది. ఇంట్లో నేనేమీ అనుకోకూడదు, ఇక్కడ బాసు అనుకోమన్నదే అనుకోవాలి. నాకంటూ ఒక అనుకోవడం ఉంటుందని ఎవరికీ తట్టదు. నాకే తట్టి ఎన్నాళ్లయిందో.

కాఫీలు రాగానే అందరూ నావైపు చూశారు. అలవాటుకొద్దీ అందించాను. ఫ్యాక్టరీ పెద్దమనిషి కప్పు తీసుకుంటూ, "వేడితో ఇబ్బందేం లేదు కదమ్మా?" అన్నాడు. నాకంటే ముందే బాసు లేదన్నట్టు తలాడించాడు.

"తెలియదండీ" అన్నాను. "ఎటైనా పోవచ్చు. బోరులో అడుగడుగునా వేడి కొలిస్తేగానీ చెప్పలేను. అందాకా వాయువు దింపొద్దు."

బాసు మొహం మాడిపోయింది. చేసింది తెలివైన పనో, తెలివితక్కువ పనో ఇప్పటికీ తెలియదు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అంతకంటే తెలియదు. గది బయటికొచ్చేసరికి మా ఆయన ఫోను.

"చుట్టాలు అప్పుడే దిగారు. ఎన్నింటికొస్తున్నావ్?"

"తెలియదు."

"తెలియకపోవడమేంటి? ఇక్కడ అందరికీ ఆకలేస్తోంది!"

"నాకూ వేస్తోంది. ఎదురుగా హోటలుంది, తినేసి వస్తాను."