పన్నెండో టిక్కు

ఆ జాబితా రాసినవాడు పద్మనాభమే. మోటార్‌హోమ్ వెనక జీపును దాని నాలుగు చక్రాల మీదే లాక్కుపోవాలంటే బయలుదేరేముందు సరిచూసుకోవలసినవి పన్నెండు. వాటి కింద ఎర్ర సిరాతో ఒక నియమం: పన్నెండో టిక్కు పడ్డాక జీపు తలుపు ఎవరూ తెరవకూడదు.

రెండు బళ్లూ ఆంజనేయప్రసాద్‌వి. ముప్ఫయ్యేళ్లుగా స్నేహితుడు, కమ్మింగ్ ఊళ్లో రెండు వీధుల అవతలే ఇల్లు. ఉద్యోగం మానేసిన వారానికే, పడకా వంటిల్లూ ఉన్న ఆ మోటార్‌హోమ్ కొన్నాడు. కొండదారుల్లో తిరిగే ఆ చిన్న జీపు అంతకుముందే ఉంది. మూడేళ్లు కూర్చుని ఒక్కో బోల్టూ విప్పి తనే బాగుచేసుకున్నది. ఐదు శనివారాలు ఇద్దరూ డ్రైవ్‌వేలో వెల్లకిలా పడుకుని దాని ముందు భాగానికి ఇనుప పట్టీ బిగించారు, రెండు బళ్లనూ కలిపే టో బార్ అమర్చారు, వెనక లైట్లకు వైర్లు లాగారు.

"నీ లిస్టు చూస్తే రాకెట్ లాంచ్ చేస్తున్నట్టుందిరా," అనేవాడు ప్రసాద్.

"రాకెట్‌కి వందమంది ఇంజనీర్లుంటారు. నీకు నేనొక్కణ్ణే."

పన్నెండో అంశం అన్నిటికన్నా ముఖ్యం. గేర్ రాడ్డు పక్కన ఇంకో చిన్న రాడ్డు ఉంటుంది. చక్రాలను గేర్‌బాక్స్‌తో కలిపేదీ, విడదీసేదీ అదే. లాక్కుపోయేటప్పుడు అది న్యూట్రల్‌లో ఉండి తీరాలి. లేకపోతే ఇంజన్ ఆగి ఉన్నా చక్రాలు లోపలి గేర్లను తిప్పుతూనే ఉంటాయి. ఆయిల్ అందక అవి మాడిపోతాయి.

ప్రయాణం రోజు ఉదయం పద్మనాభం బయట నిలబడి ఒక్కొక్కటే చదివాడు. ప్రసాద్ జీపులో కూర్చుని ఒక్కొక్కటే చేశాడు. చివరికి చిన్న రాడ్డు లాగితే టక్కుమని చప్పుడైంది. ప్రసాద్ టిక్కు పెట్టి, పక్కన పొడి అక్షరాలు రాసి, ఇంటికి తాళాలు వేయడానికి వెళ్లాడు.

అప్పుడే అతని భార్య రాగిణి పళ్లెంతో వచ్చింది. మోటార్‌హోమ్‌కు అంతకుముందే హారతి ఇచ్చారు. పళ్లెంలో ఇంకా నాలుగు నిమ్మకాయలున్నాయి.

"అన్నయ్యగారూ, జీపు కూడా తొక్కాలి కదా."

"వెనకాలే వస్తుందిగా అమ్మా. ఎలాగూ వాటి మీదనుంచే వెళ్తుంది."

"ఈడ్చుకుపోతే తొక్కినట్టా? దానంతట అది తొక్కాలి. మీరొక్కసారి స్టార్ట్ చేయండి, రెండంగుళాలు చాలు."

టో బార్ చేతులు బండి కదిలాకే బిగుసుకుంటాయి; ఇంకా జానెడు వదులుంది. పద్మనాభం నవ్వుతూ తలుపు తెరిచాడు. చిన్న రాడ్డును ముందుకు తోసి, స్టార్ట్ చేసి, క్లచ్ మెల్లగా వదిలాడు. రాగిణి చక్రాల కింద పెట్టిన నిమ్మకాయలు చిట్లాయి. అలవాటుగా పెద్ద రాడ్డును న్యూట్రల్‌లోకి తెచ్చి ఇంజన్ ఆపాడు. రాగిణి కిటికీలోంచి కొబ్బరిముక్క అందించింది. కుడిచేత్తో అందుకుని, కళ్లకద్దుకుని దిగాడు. తలుపు మోచేత్తో మూశాడు.

ముగ్గురూ మోటార్‌హోమ్‌లో బ్లూ రిడ్జ్ కొండదారిన గంటకు పైగా వెళ్లాక, వెనక వచ్చే ట్రక్కువాడెవడో హారన్ కొట్టి చెయ్యి ఊపాడు. వెనక కెమెరా తెరమీద జీపు అడుగునుంచి పొగ. ప్రసాద్ బండిని పక్కకు తీశాడు.

ముందు పరుగెత్తింది పద్మనాభం. తలుపు తీసేసరికి మాడిన ఆయిల్ వాసన ముఖాన కొట్టింది. చిన్న రాడ్డు తాను తోసిన చోటే ఉంది. అతని చెయ్యి దాని మీదికి వెళ్లింది. వెనక్కి లాగేస్తే తప్పు ఎవరి మీదా పడదు, యంత్రం పోయిందనుకుంటారు. అది మోసమని చెయ్యి తీసేశాడు. తీసేసి నిజాయితీగా ఉన్నానని కూడా ఒక్క క్షణం అనుకున్నాడు.

ప్రసాద్ వచ్చి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"న్యూట్రల్‌లో లేదు," అన్నాడు.

నాలుక కదపడానికి అదే సమయమని పద్మనాభానికి తెలుసు. ఆ సమయం దాటిపోతుండగా చూస్తూ నిలబడ్డాడు.

చెడిన బళ్లను ఎక్కించుకుపోయే టో ట్రక్కు రావడానికి గంటన్నర పడుతుందన్నారు. ముగ్గురూ రోడ్డు పక్కన మడతకుర్చీలు వేసుకుని కూర్చున్నారు.

"నిమ్మకాయలు తొక్కించాం కూడానూ. ఎవరి దిష్టి తగిలిందో," అంది రాగిణి.

పద్మనాభం తలెత్తి ఆమెవైపు చూశాడు. ఆమె ఇంకో వాక్యం అంటే చాలు, అన్నీ బయటపడతాయి. ఆమెకు రాడ్డుల సంగతి తెలియదు; ఫ్లాస్క్ మూత తిప్పి కాఫీ పోసింది. అతనికి కలిగినది ఊరట. ఆ ఊరట ఎలాంటిదో గుర్తుపట్టి కూడా కాఫీ తాగాడు.

ప్రసాద్ మాత్రం జాబితా ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు.

"టిక్కు పెట్టాను. ఇదిగో, నా ఇనీషియల్స్. అది కాదు నా భయం. రాడ్డు లాగినట్టు నాకు గుర్తుందిరా. చేతికి తగిలింది. సౌండ్ విన్నాను. ఏదీ జరగలేదన్నమాట. మర్చిపోవడం అయితే సరే అనుకుందును. జరగనిది జరిగినట్టు గుర్తుంటే ఏమనుకోవాలి?"

"అలసటండీ. రాత్రంతా ప్యాకింగ్ చేశారుగా," అంది రాగిణి.

"మా నాన్నకీ ఇలాగే మొదలైంది. గ్యాస్ కట్టేశాననేవాడు. ప్రమాణం చేసేవాడు. అప్పుడాయనకి నాకంటే రెండేళ్లే ఎక్కువ." జేబులోంచి బండి తాళాలు తీసి పద్మనాభం ఒళ్లో వేశాడు. "తిరుగుదారి నువ్వే డ్రైవ్ చెయ్. మోటార్‌హోమ్ అమ్మేద్దాం."

తర్వాత డబ్లిన్‌లో ఉన్న కూతురికి ఫోన్ చేశాడు. "హంసికా, నీ ఫ్రెండ్ వాళ్ల మదర్ న్యూరాలజిస్ట్ కదమ్మా... ఆఁ, నాకే... కంగారేం లేదు." గొంతు మామూలుగానే ఉంది. రెండో చేతి వేలు మాత్రం జాబితాలోని ఆ టిక్కు మీదే ఉంది.

జీపు ఎంత చెడినా అది ఇనుము. స్నేహితుడు పోగొట్టుకుంటున్నది తన మనసుకు తానే సాక్షినన్న నమ్మకం. ఆ సాక్ష్యం నిజమని చెప్పగలవాడు లోకంలో ఒక్కడే ఉన్నాడు; వాడు కాఫీ తాగుతున్నాడు. పద్మనాభం కప్పు కింద పెట్టాడు.

"ఫోన్ పెట్టెయ్, ప్రసాద్."

"ఉండరా—"

"పెట్టెయ్. నువ్వు లాగావు. టక్కుమంది. బయట నిలబడి నేనూ విన్నాను. నువ్వు లోపలికెళ్లాక నిమ్మకాయలు తొక్కించడానికి నేనెక్కాను. చిన్న రాడ్డును మళ్లీ న్యూట్రల్‌లో పెట్టలేదు."

రాగిణి చెయ్యి నోటిమీదికి వెళ్లింది. "అయ్యో, నేనే కదండీ ఎక్కమన్నాను!"

"నువ్వు అడిగావమ్మా. నియమం రాసినవాణ్ణి నేను."

ప్రసాద్ ఫోన్‌లో "మళ్లీ చేస్తానమ్మా" అని ఆపేశాడు. కళ్లు మూసుకున్నాడు. అతని భుజాలు దిగడం, ఊపిరి పూర్తిగా లోపలికి వెళ్లి రావడం పద్మనాభం చూశాడు. కళ్లు తెరిచేసరికి ఆ ముఖం వేరు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

ఇప్పుడే గుర్తొచ్చిందనవచ్చు. నమ్ముతాడు కూడా.

"తలుపు తీయగానే."

"అంటే మా నాన్న గురించి చెప్తుంటే తెలుసు."

"తెలుసు."

"హంసికకి ఫోన్ చేస్తుంటే."

"తెలుసు. గేర్‌బాక్స్ నేను చేయిస్తాను ప్రసాద్, ఎంతయినా—"

"గేర్‌బాక్స్ సంగతి అడిగానా నిన్ను?"

టో ట్రక్కు వచ్చింది. డ్రైవర్ అడిగినవాటికి ప్రసాద్ జవాబులు చెప్పి, సంతకం పెట్టి, జీపును ఎక్కించేదాకా దగ్గరే నిలబడ్డాడు. వచ్చి చెయ్యి చాపాడు. పద్మనాభం తాళాలు ఆ చేతిలో పెట్టాడు. ప్రసాద్ స్టీరింగ్ ముందు కూర్చుని, అద్దాలు సరిచేసి, బండి స్టార్ట్ చేశాడు.

పద్మనాభం కుర్చీలు మడుస్తూ కింద ఉండిపోయాడు. ఎక్కే హక్కు ఇంకా ఉందో లేదో అతనికి తెలియలేదు. రాగిణి తలుపు దగ్గర నిలబడి ఒకసారి భర్తవైపు, ఒకసారి అతనివైపు చూసింది.

"ఎక్కమను," అన్నాడు ప్రసాద్, రోడ్డువైపే చూస్తూ. "వెనక కూర్చోమను."